సలహా వద్దు, కాసేపు వినండి

లండన్ నగరం నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అని ఓ పాతకాలపు చర్చి ఉంది. చచ్చిపోవాలనిపిస్తున్నవాళ్లు ఎవరైనా సరే తనకు ఫోన్ చేయవచ్చని అక్కడి మతగురువు చాడ్ వారా ప్రకటించారు. 1953 నవంబరు 2న ఆ ఫోన్ మొదలైంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాయత్నం నేరం. 1961 దాకా ఆ చట్టం అలాగే ఉంది. అలాంటి చోట పేరూ ఊరూ చెప్పకుండా, మొహం చూపించకుండా గోడు వెళ్లబోసుకునే వీలు ఫోన్‌లోనే ఉంది.

ఆ ఆలోచన వెనక 18 ఏళ్ల కిందటి ఒక చావు ఉంది. వారా 1935లో లింకన్ పట్టణంలో కుర్ర మతగురువు. అక్కడ ఆయన జరిపించిన తొలి అంత్యక్రియలు ఒక 14 ఏళ్ల పిల్లవి. ఆ పిల్ల పెద్దమనిషి అయింది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏదో చెడ్డ రోగం అంటుకుందనుకుని ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి దగ్గర కూడా చనువు లేకపోవడం ఆ పిల్ల విషయంలో ఎంత పని చేసిందో వారా జీవితాంతం చెబుతూనే వచ్చారు.

చర్చి ఫోన్ సంగతి పత్రికల్లో పడేసరికి జనం రావడం మొదలైంది. వారా ఒక్కరే లోపలి గదిలో ఒక్కొక్కరితో మాట్లాడేవారు. బయట వంతు కోసం కూర్చున్నవాళ్లకు తోడుగా ఉండటానికి కొందరు మామూలు మనుషులు తమంతట తామే వచ్చారు. టీ కలిపి ఇవ్వడం, పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడటం, అంతే వాళ్ల పని. కొన్నాళ్లకు వారా ఒక సంగతి గమనించారు. బయట కూర్చున్నవాళ్లలో చాలామందికి లోపలికి రావాల్సిన అవసరమే పడటం లేదు. టీ ఇచ్చినవాళ్లతో మాట్లాడి, మనసు తేలికపడి ఇంటికి వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ ఫోన్‌ను వలంటీర్లకే అప్పగించారు. సమారిటన్స్ అనే సంస్థ అలా నిలదొక్కుకుంది. 1974లో బిఫ్రెండర్స్ ఇంటర్నేషనల్ పేరుతో అదే పద్ధతి దేశాలు దాటింది.

వైద్యం తెలియని మనుషులు చేసిన ఆ పని ఏమిటి? పైకి చూస్తే ఏమీ లేదు, విన్నారు. కానీ వినడం నేర్చుకోవాల్సిన విద్య. ఈ సంస్థల్లో చేరాలనుకునేవాళ్లకు ముందుగా శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణలో సగం కష్టం మాట్లాడటం నేర్పడంలో కాదు, మాట్లాడకుండా ఉండటం నేర్పడంలోనే ఉంటుంది. నీతులు చెప్పాలన్న ఉత్సాహంతో వచ్చినవాళ్లు ఈ పనికి పనికిరారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కౌలు రైతు రాత్రిపూట ఫోన్ చేశాడనుకుందాం. రింగయ్యాక మాట రాదు, పెట్టేస్తాడు. మళ్లీ చేస్తాడు. అవతల వలంటీరు ‘ఎవరండీ, ఏం కావాలి’ అని తొందరపెట్టదు. ‘మీకు వీలైనప్పుడే మాట్లాడండి, నేను ఇక్కడే ఉంటాను’ అని ఊరుకుంటుంది.

“ఏం లేదు మేడమ్. ఊకెనే చేసిన.”

“పర్వాలేదండీ. ఊరికే అయినా మాట్లాడొచ్చు.”

“పత్తి అంత వానలకే పాయె. షావుకారి రేపొస్తనన్నడు.”

“ఆయన రేపొస్తాడని తలుచుకుంటే మీకేమనిపిస్తోంది?”

“ఇంట్ల పిల్లలకు మొఖం చూపెట్టబుద్ధి అయితలేదు.”

“అంత బాధలో ఉన్నారు. చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా అండీ?”

చాలాసేపు చప్పుడు ఉండదు. తర్వాత సన్నగా, “అనిపిస్తుంది మేడమ్” అన్న మాట వస్తుంది. వారాల తరబడి తన లోపలే తిరుగుతున్న మాటను ఆ మనిషి ఇంకొకరి చెవిన వేయడం అదే మొదటిసారి కావచ్చు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి: అప్పు, బిడ్డ పెళ్లి, అన్నదమ్ముల పేచీ, నిద్ర పట్టని రాత్రులు.

ఇదే రైతు ఇంట్లో నోరు విప్పి ఉంటే ఏమి వినేవాడో తెలుగువాళ్లెవరికైనా తెలుసు. ‘నీకేం తక్కువరా?’, ‘మగోడివి, ఇట్లా బేలపడితే ఎలా?’, ‘పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో’, ‘పక్కింటోడికి ఇంతకంటే ఎక్కువ అప్పుంది, వాడు బతకట్లేదా?’ ఇవన్నీ ప్రేమతో అనే మాటలే, అందులో సందేహం లేదు. కానీ ఒక్కో మాటా ఒక్కో తలుపు మూసేస్తుంది. బాధ చెప్పుకున్నందుకు అతనికి ఇప్పుడు సిగ్గు కూడా తోడైంది. ఇకమీదట చెప్పడు.

సూటిగా ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని అడగడానికి అందరూ జంకుతారు. లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం. ఆ భయం సహజమే కానీ నిజం కాదు. ఈ విషయంపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2014లో వచ్చింది. అడిగినందువల్ల ఆ ఆలోచనలు పెరిగిన దాఖలా అందులో కనిపించలేదు. పైగా కొందరిలో తగ్గినట్టు తేలింది. అడిగితే ఊపిరి పీల్చుకుంటారు. తమ మనసులో ఉన్నదాన్ని పేరుపెట్టి పలికే ధైర్యం ఎదుటి మనిషికి ఉందని తెలుస్తుంది.

ఒక గంట వింటే ఏం ఒరుగుతుంది, పోవాలనుకున్నవాళ్లు ఇవాళ కాకపోతే రేపు పోరా అనే ప్రశ్న ఊళ్లల్లో తరచూ వినిపిస్తుంది. రిచర్డ్ సైడెన్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి 1978లో జవాబు వెతికారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక వంతెన దగ్గర 1937 నుంచి 1971 వరకు ఆత్మహత్య ప్రయత్నంలో ఉండగా అడ్డుకుని వెనక్కి తెచ్చిన 515 మంది ఏమయ్యారో ఆరా తీశారు. ఏళ్లు గడిచాక చూస్తే వాళ్లలో సుమారు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు. ఆ తెగింపు ఎల్లకాలం ఉండేది కాదు. గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో ఉద్ధృతమై తగ్గిపోయేది. ఆ గడియ దాటించడానికి మనిషి తోడు కావాలి, ప్రాణం తీసే వస్తువు చేతికి అందకుండా ఉండాలి.

తోడు ఎంత పని చేస్తుందో చూపే ఇంకో ఆధారం మన పక్కనే చెన్నైలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో చెన్నై, కొలంబోలతో పాటు బ్రెజిల్, ఇరాన్, చైనాల్లో, మొత్తం ఐదు చోట్ల, ఒక అధ్యయనం జరిగింది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం చేశారు. రెండో జట్టుకు దానితో పాటు ఒక గంటసేపు మాట్లాడి, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిది సార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో ‘ఎలా ఉన్నారు’ అని పలకరించారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, పలకరింపు అందినవాళ్లలో అది 0.2 శాతం. ఖరీదైన యంత్రాలూ కొత్త మందులూ ఏవీ లేవు. పలకరింపు అంతే.

చెన్నైలోనే మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో ‘స్నేహ’ను స్థాపించారు. వలంటీర్లే నడిపే ఆ కేంద్రం ఫోన్ ఎత్తడంతో ఆగలేదు. పరీక్ష తప్పిన పిల్లలు ఒక ఏడాది పోయిందన్న దిగులుతో ప్రాణాలు తీసుకోవడం చూసి, ఫలితాల తర్వాత కొద్ది రోజులకే మళ్లీ రాసుకునే సప్లిమెంటరీ పరీక్ష కావాలని విజయకుమార్ పట్టుబట్టారు. తమిళనాడులో అది అమల్లోకి వచ్చింది. తెలుగు నేలపై ఈ దిగులు ఎంత లోతైనదో 2019 ఏప్రిల్ గుర్తు చేస్తుంది. ఆ నెలలో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత రోజుల వ్యవధిలో 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. మార్కుల జాబితాల్లో తప్పులు దొర్లాయని రాష్ట్రమంతా గొడవైంది. ఆ ఇళ్లల్లో ఏ ఒక్క దాంట్లోనైనా ‘సున్నా వచ్చినా నువ్వు మా బిడ్డవే’ అన్న మాట ఫలితాలకు ముందే పలికి ఉంటే బాగుండేదన్న బాధ ఇప్పటికీ పోదు.

హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రమే ‘రోష్నీ’ 1997లో మొదలైంది. అక్కడా ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన వలంటీర్లే. అవతలివాళ్ల పేరు అడగరు, విన్నది బయట చెప్పరు, మతం గానీ మందు గానీ అంటగట్టరు. బిఫ్రెండర్స్ బాటలో నడిచే కేంద్రాలన్నిటికీ ఇదే కట్టుబాటు. ఈ పని చేసేవాళ్లకూ గుండె ఉంటుంది కనుక, బరువైన కాల్ తర్వాత వలంటీరు తన మనసులోది తోటివాళ్లతో చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. అది లేని చోట వలంటీర్లు నిలవరు.

ఫోనే ఉండాలని కూడా లేదు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెక్క బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఓ ముసలవ్వ. వచ్చినవాళ్లు పక్కన కూర్చుని చెప్పుకుంటారు. చిక్కుల్లో ముందు దేన్ని విప్పాలో ఇద్దరూ కలిసి చూస్తారు. 2016లో వెలువడిన పరిశోధనలో, మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఆరు నెలల తర్వాత దిగులు లక్షణాలు బాగా తక్కువగా కనిపించాయి. రచ్చబండలూ అరుగులూ ఉన్న మన ఊళ్లకు ఇది కొత్త కొలువేమీ కాదు. శిక్షణ ఒక్కటే కొత్త.

అయితే విన్నంత మాత్రాన అప్పు తీరదు, పాసుబుక్కు రాదు. ఇక్కడే వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన ‘కిసాన్ మిత్ర’ హెల్ప్‌లైన్ నేర్పిన పాఠం విలువైనది. రైతు ఫోన్ చేసి మొదట చెప్పేది మనోవ్యథ గురించి కాదు. పట్టా, పంట రుణం, పింఛను గురించి చెబుతాడు. అతని మాట వినడంతో పాటు ఆ కాగితం ఏ ఆఫీసులో ఆగిందో కనుక్కుని వెంటపడేవాళ్లు కూడా ఉండాలి. అలాగే చేతికందే విషం సంగతి. శ్రీలంక అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 1990ల నడుమ నుంచి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం వరకు పడిపోయింది. తమిళనాడులో లక్ష్మీ విజయకుమార్ బృందం పురుగుమందులను ఇళ్లల్లో కాకుండా ఊరి ఉమ్మడి గదిలో, తాళం వేసే పెట్టెల్లో దాచుకునే పద్ధతిని కొన్ని గ్రామాల్లో అమలు చేసి చూసింది. రైతులు దాన్ని బాగానే వాడుకున్నారు. ఇలాంటి గది ఒకటి కట్టడానికి ఏ పంచాయతీకైనా పెద్ద ఖర్చేమీ కాదు.

మన చట్టం కూడా మెత్తబడింది. శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ భయంతో ఎన్నో కుటుంబాలు ఆసుపత్రికి వెళ్లడానికే జంకేవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, సంరక్షణ బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309 సెక్షన్‌ను వదిలేశారు. అధికారి విధులకు అడ్డుపడేందుకో, అధికారిని ఒత్తిడి చేసేందుకో చేసే ప్రయత్నం మాత్రం ఇంకా శిక్షార్హమే.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయినట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వీళ్లందరి చుట్టూ ఎవరో ఒకరు ఉన్నారు: మేస్త్రి, టీచరమ్మ, ఆశా కార్యకర్త, హాస్టల్ వార్డెన్, ఆటో స్టాండులో పక్కవాడు. ఉన్నట్టుండి నలుగురిలో కలవడం మానేయడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాటలు, చాలా రోజుల కలత తర్వాత హఠాత్తుగా వచ్చిన నిశ్చింత, ఇవి చుట్టూ ఉన్నవాళ్ల కంటపడే గుర్తులు. కనిపిస్తే పక్కన కూర్చుని సూటిగా అడగాలి, చెప్పింది విని తిట్టకుండా ఉండాలి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు, మందులూ పురుగుమందులూ అందకుండా తీసేయాలి, మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అడిగినవాళ్లకు ఏం చేయాలో తోచకపోతే 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అవతలివాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేసేది బాధలో ఉన్న మనిషే కానక్కర్లేదు. అన్న కోసం చెల్లెలు, కూలీ కోసం మేస్త్రి, శిష్యుడి కోసం మాస్టారు కూడా చేయవచ్చు.