కాంతి ఆయుష్షుతో కొలిచే దూరం

గాజుపలకకు అతుక్కున్న జీవకణం అడుగున మిగిలే సందు కొన్ని పదుల నానోమీటర్లే ఉంటుంది. మామూలు సూక్ష్మదర్శినికి అది అందదు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యమే 500 నానోమీటర్లకు పైమాట. అందులో సగం కన్నా బాగా చిన్న వివరాలను కాంతితో విడదీసి చూడలేమని 1873లోనే ఎర్న్‌స్ట్ అబ్బె తేల్చేశాడు. అయినా ఆ సందును కాంతితోనే కొలిచే పద్ధతి ఒకటి వచ్చింది. అందులో నిజానికి కొలిచేది కాలాన్ని.

దాని పుట్టిల్లు జర్మనీలోని మార్‌బర్గ్. 1960లలో అక్కడ హాన్స్ కూన్ దగ్గర కార్ల్ హైన్‌ట్స్ డ్రెక్స్‌హాగె ఒక అందమైన ప్రయోగం చేశాడు. నీటి మీద కొవ్వు ఆమ్లాన్ని పరిస్తే ఒక్క అణువు మందాన తెర కడుతుంది. లోహపు అద్దాన్ని అందులో ముంచి తీసిన కొద్దీ ఆ తెర పొర మీద పొరగా అంటుకుంటుంది. ఒక్కో పొర మందం సుమారు రెండున్నర నానోమీటర్లు. అంటే ఎన్నిసార్లు పొర ఎక్కిందో లెక్కపెడితే దూరం తెలిసిపోతుంది! అన్నిటికీ పైన ఎర్రగా వెలిగే యూరోపియం సమ్మేళనాన్ని పరిచి, ఆ వెలుగు ఎంతసేపట్లో ఆరిపోతుందో చూశాడు. అద్దానికి దూరం పెరిగే కొద్దీ ఆ ఆయుష్షు పెరుగుతూ, తరుగుతూ పోయింది. మరీ దగ్గరైతే ఒక్కసారిగా పడిపోయింది. వెలగాల్సిన శక్తిని లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లాగేసుకోవడమే అందుకు కారణం. ఈ లెక్కకు ఛాన్స్, ప్రాక్, సిల్బీ 1970లలో పూర్తి గణితరూపం ఇచ్చారు.

దాన్ని జీవకణాల దగ్గరకు తెచ్చింది గొట్టింగెన్‌లోని యోర్గ్ ఎండర్‌లైన్ బృందం, 2014లో. గాజు మీద పలుచని బంగారు పూత, దాని మీద కణం, కణత్వచానికి వెలిగే రంగు. లేజర్ మెరిసిన క్షణం నుంచి ఒక్కో ఫోటాన్ ఎప్పుడు వచ్చిందో నమోదు చేస్తారు. ఆ ఆయుష్షు కొద్ది నానోసెకన్లే. ఒక్క నానోసెకనులో కాంతి వెళ్లేది 30 సెంటీమీటర్లే. చోటుచోటునా ఆయుష్షును ఎత్తుగా మారిస్తే, త్వచం బంగారానికి ఎక్కడ దగ్గరగా ఉందో, ఎక్కడ పైకి లేచిందో తెలిపే పటం వస్తుంది. ఇందుకు కొత్త కటకాలేవీ అక్కర్లేదు. ఆయుష్షును కొలిచే సూక్ష్మదర్శిని ఉంటే, పూత పూసిన గాజుపలకే మిగతా పని చేస్తుంది. నన్ను కట్టిపడేసేది ఈ పొదుపే.

ఒక చిక్కు మాత్రం ఉంది. రంగు అణువు లోహం మీద నిటారుగా నిలిచిందా, అడ్డంగా పడుకుందా అన్నదాన్ని బట్టి శక్తి పోయే వేగం మారుతుంది. అది తేల్చుకోకుండా ఎత్తు చెబితే కొలత తప్పుతుంది.

2019లో ఇదే బృందం బంగారం స్థానంలో గ్రాఫీన్‌ను పెట్టింది. మందం ఒకే ఒక్క పరమాణువు. కొలవగలిగే దూరం పాతిక నానోమీటర్లకు కుదించుకుపోయింది కానీ, కచ్చితత్వం నానోమీటరు లోపలికి దిగింది. దాంతో కొవ్వు అణువుల జంటపొర మందాన్నే కొలిచారు: సుమారు 5 నానోమీటర్లు.