గుప్పెడు పల్లీలు తింటే డిప్రెషన్ రాదా?

‘రోజూ గుప్పెడు నట్స్ తింటే డిప్రెషన్ ముప్పు 17 శాతం తగ్గుతుంది.’ ఇలాంటి మాట మీ వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. ఆ అంకె అబద్ధమేమీ కాదు. అయితే అది చెప్పేది ఒకటి, మనకు అర్థమయ్యేది మరొకటి.

స్పెయిన్‌లోని క్యాస్టిల్లా-లా మాంచా యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ‘క్లినికల్ న్యూట్రిషన్’ జర్నల్‌లో ఈ అధ్యయనం ప్రచురించారు. వివరాలు మాత్రం బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌వి. మొత్తం 13,504 మంది. మొదట్లో వీరిలో ఎవరికీ డిప్రెషన్ లేదు. సగటున 5.3 ఏళ్లు గమనిస్తే, 8 శాతానికి పైగా మంది దాని బారిన పడ్డారు. నట్స్ అసలు తినని వారితో పోలిస్తే, రోజుకు 30 గ్రాముల వరకు తినేవారిలో ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది.

అంటే నూటికి 17 మంది తప్పించుకున్నారని కాదు. తినని వంద మందిలో 9 మందికి డిప్రెషన్ వస్తుందనుకుంటే, తినేవారిలో ఆ సంఖ్య ఏడెనిమిది. తేడా ఉంది, కానీ శీర్షికలు ఊదరగొట్టినంత కాదు.

పైగా, తగ్గించింది నట్సేనా? క్రమం తప్పకుండా నట్స్ తినేవారికి మంచి ఆదాయం, వ్యాయామం చేసే అలవాటు, వేళకు తినే తీరిక కూడా ఉండొచ్చు. పరిశోధకులు ఇలాంటి వాటిని లెక్కల్లో సర్దుబాటు చేస్తారు కానీ పూర్తిగా వేరు చేయడం కష్టం. అసలు బయోబ్యాంక్ పిలుపు అందుకున్న వారిలో చేరిందే దాదాపు 5.5 శాతం మంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మనసు కుంగడం మొదలైనప్పుడే తిండి మారిపోతుంది. ఏది ముందు, ఏది వెనుక?

దీన్ని తేల్చాలంటే లాటరీ పద్ధతిలో మనుషులను విడదీసి ఆహారం ఇచ్చి చూడాలి. స్పెయిన్‌లోనే జరిగిన ‘ప్రెడిమెడ్’ ట్రయల్ అలాంటిదే. మెడిటరేనియన్ ఆహారంతోపాటు నట్స్ తీసుకున్న వారిలో డిప్రెషన్ కొంత తగ్గినట్లు కనిపించినా, గణాంకపరంగా అది రుజువు కాలేదు. టైప్-2 మధుమేహం ఉన్నవారిలో మాత్రం ముప్పు సుమారు 40 శాతం తక్కువగా తేలింది. ఆసక్తికరమే. కానీ ఒక ట్రయల్‌లోని ఒక ఉపవర్గం ఫలితం అది.

బాదం, జీడిపప్పు కొనలేని వారు దిగులు పడాల్సిన పనిలేదు. వృక్షశాస్త్రం ప్రకారం కంది, పెసర కుటుంబానికి చెందిన పల్లీలను కూడా పోషకాహార అధ్యయనాలు సాధారణంగా నట్స్‌తోనే కలిపి చూస్తాయి. కాకపోతే ఉప్పు, కారం పట్టించి నూనెలో వేయించినవి కాకుండా వేయించిన వట్టి పల్లీలో, ఉడకబెట్టినవో మేలు.

ఇప్పటికే కుంగుబాటుతో బాధపడుతున్న వారికి మాత్రం ఇది చికిత్స కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు పైగా ముభావంగా ఉంటూ, నిద్ర, ఆకలి తప్పి కనిపిస్తే డాక్టర్‌ను కలవాలి. కేంద్ర ప్రభుత్వ ‘టెలి-మానస్’ ఉచిత హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.