గాలిలో రేణువుల స్కందనం: ఒక గణిత నమూనా

తలుపులు, కిటికీలు మూసిన గదిలో అగరువత్తి వెలిగించారనుకోండి. వత్తి ఆరిన కొంతసేపటికి పొగ చార కనిపించదు. గాలి శుభ్రపడినట్లేనా? కంటితో చూసి దీనికి జవాబు చెప్పలేం. రేణువుల సంఖ్య, ద్రవ్యరాశి కాలంతోపాటు ఎలా మారతాయో లెక్క కట్టాలి. ఈ పాఠ్యభాగంలో ఆ లెక్కను నేర్చుకుందాం.

1. నమూనాకు ఆధారం

గాలి అణువుల తాకిడికి సూక్ష్మ రేణువులు అన్ని దిక్కులకూ తడబడుతూ కదులుతాయి. ఇదే బ్రౌనియన్ చలనం. ఈ చలనంలో రెండు రేణువులు ఢీకొని, అతుక్కుని, ఒకటిగా మారడాన్ని స్కందనం అంటారు. పోలెండ్ భౌతిక శాస్త్రవేత్త మరియన్ స్మోలుహోవ్‌స్కీ 1916లో ద్రవాల్లోని కొలాయిడ్ కణాల కోసం ఈ సిద్ధాంతాన్ని రూపొందించాడు. తరువాత అది పొగలకూ వర్తించింది.

సౌలభ్యం కోసం మూడు విషయాలు ఊహిద్దాం: రేణువులన్నీ గోళాకారంలో, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి; అవి గదంతటా సమంగా కలిసి ఉన్నాయి; ఢీకొన్న ప్రతిసారీ అతుక్కుంటాయి.

2. సమీకరణం

ఒక ఘన సెంటీమీటరులోని రేణువుల సంఖ్యను 'స' అనీ, కాలాన్ని 'క' అనీ, స్కందన గుణకాన్ని 'గ' అనీ గుర్తిద్దాం. 'స' రేణువుల నుంచి సుమారు స²/2 జతలు ఏర్పడతాయి. ఒక జత ఢీకొంటే రెండు రేణువులు ఒకటవుతాయి, అంటే లెక్కలో ఒకటి తగ్గుతుంది. కాబట్టి:

సంఖ్య తగ్గే రేటు = గ × స²/2

ఈ అవకలన సమీకరణాన్ని సమాకలనం చేస్తే:

1/స = 1/స₀ + (గ × క)/2

ఇక్కడ స₀ తొలి సంఖ్య. 1/స విలువలను కాలానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలి. విట్లా-గ్రే, ప్యాటర్సన్‌లు పొగలపై చేసిన ప్రయోగాల్లో అటువంటి రేఖలే వచ్చాయి. ఆ ఫలితాలను వారు 1932లో పుస్తకంగా ప్రచురించారు.

3. అంకెల్లో చూద్దాం

20 డిగ్రీల సెల్సియస్ వద్ద, సుమారు 1 మైక్రోమీటరు రేణువులకు గ విలువ దాదాపు సెకనుకు 6 × 10⁻¹⁰ ఘన సెంటీమీటర్లు. 0.1 మైక్రోమీటరు రేణువులకు ఇది రెండింతలకు పైగా ఉంటుంది. మొదటి విలువనే తీసుకుందాం. సంఖ్య సగానికి పడిపోయే కాలం 2/(గ × స₀). దీని ప్రకారం:

స₀ = 10⁸ అయితే, సుమారు 33 సెకన్లు
స₀ = 10⁶ అయితే, సుమారు 55 నిమిషాలు
స₀ = 10⁴ అయితే, సుమారు 93 గంటలు

నిప్పు దగ్గరి చిక్కటి పొగలో స్కందనం క్షణాల్లో సాగుతుంది. పొగ పలచబడ్డాక దాదాపు నిలిచిపోతుంది. రేటు స² మీద ఆధారపడటమే దీనికి కారణం.

4. విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు

దీన్ని రేడియోధార్మిక పదార్థాల అర్ధాయువుతో పోల్చకండి. అక్కడ అర్ధాయువు స్థిరం. ఇక్కడ ప్రతి సగానికీ పట్టే కాలం రెట్టింపవుతూ పోతుంది: 55 నిమిషాలు, 110 నిమిషాలు, 220 నిమిషాలు. సంఖ్య ఎనిమిదో వంతుకు చేరాలంటే మొత్తం 385 నిమిషాలు కావాలి. అప్పటికి సగటు ఘనపరిమాణం 8 రెట్లవుతుంది. కానీ వ్యాసం రెట్టింపే అవుతుంది, ఎందుకంటే 8కి ఘనమూలం 2.

5. అసలు ప్రశ్నకు జవాబు

రెండు రేణువులు అతుక్కుంటే సంఖ్య తగ్గుతుంది, ద్రవ్యరాశి తగ్గదు. అందువల్ల గదిలోని గాలి మారే రేటును 'వ' అనుకుంటే, ఈ రెండు సమీకరణాలు వస్తాయి:

సంఖ్య తగ్గే రేటు = గ × స²/2 + వ × స
ద్రవ్యరాశి తగ్గే రేటు = వ × ద్రవ్యరాశి

రెండో సమీకరణంలో స్కందన పదమే లేదని గమనించండి. రేణువులు కిందికి దిగిపోతాయి కదా అంటారా? నీటి సాంద్రత గల 1 మైక్రోమీటరు రేణువు నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 12 సెంటీమీటర్లే దిగుతుంది. అంతకంటే చిన్నవి ఇంకా నెమ్మదిగా దిగుతాయి. పిఎం 2.5 అనేది ద్రవ్యరాశి కొలత కాబట్టి, రేణువులు 2.5 మైక్రోమీటర్లు దాటి పెరిగేదాకా స్కందనం వల్ల ఆ అంకె మారదు.

అంటే తలుపులు మూసి ఎదురుచూస్తే పొగ పలచబడినట్లు అనిపించవచ్చు గానీ, మనం పీల్చే పొగ పదార్థం దాదాపు అంతే ఉంటుంది. కిటికీలు తెరిచి, గంటకు 5 సార్లు గాలి మారేలా చేస్తే, బయటి గాలి శుభ్రంగా ఉన్నప్పుడు గంట తరువాత 1 శాతం కంటే తక్కువే మిగులుతుంది. కట్టెల పొయ్యి ఉన్న వంటింటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. అయితే పొయ్యి మండుతున్నంతసేపూ కొత్త పొగ చేరుతూనే ఉంటుంది కాబట్టి, అక్కడ గాలి మారడం మరింత అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స₀ = 10⁵ అయినప్పుడు సంఖ్య సగానికి తగ్గడానికి ఎంత కాలం పడుతుంది?
2. ద్రవ్యరాశి సమీకరణంలో 'గ' ఎందుకు కనిపించదు? మీ సొంత మాటల్లో రాయండి.

మొదటి ప్రశ్నకు జవాబు: సుమారు 9 గంటల 15 నిమిషాలు.