సత్రంలో చోటు లేని దేవుడు

కేకులు, నక్షత్రాల సందడిలో పశువుల తొట్టి అడిగే ప్రశ్న ఎవరికీ వినిపించడం లేదు

డిసెంబరు మొదలైతే చాలు, తెలుగునాట చర్చిల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో 'సెమీ క్రిస్మస్' కేకులు కోస్తారు. ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అర్ధరాత్రి దాటాక గిటారు, డప్పులతో క్యారల్స్ బృందాలు తలుపు తడతాయి. పండగ నాటికి అసలు కథ అందరికీ కంఠతా వచ్చేసి ఉంటుంది. బహుశా అందుకే దాన్ని ఎవరూ శ్రద్ధగా వినరు.

నిజానికి లూకా సువార్త చెప్పేది చాలా కొంచెం. జనాభా లెక్క కోసం బేత్లెహేముకు బయల్దేరిన యోసేపు, నిండు చూలాలు మరియ, చోటు లేని సత్రం, పశువుల తొట్టిలో పసిబిడ్డ. అంతే. ఎద్దు, గాడిద పక్కన ఉన్నట్టు అందులో లేదు. మత్తయి సువార్తలో వచ్చే జ్ఞానులు ముగ్గురన్న లెక్కా లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అనుకున్నారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ ఎండుగడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి ఆ రాత్రిని జనానికి చూపించాడు. ఆయన కోరింది అలంకారం కాదు. ఆ బిడ్డ పడుకున్న చోట ఉన్న లేమిని జనం కళ్లారా చూడాలనుకున్నాడు. నేటి షాపింగ్ మాల్ పశువుల పాకల్లో లేనిది అదే.

దేవుడు మనిషిగా పుట్టడం తెలుగువారికి కొత్త ఊహేమీ కాదు. అయితే క్రైస్తవుడికి క్రిస్మస్ అర్థం ఆ పుట్టుక తీరులో ఉంది. దేవుడు ఏ బలమూ లేకుండా, మరొకరు ఎత్తుకుంటే తప్ప కదలలేని శిశువుగా వచ్చాడు. హేరోదు కత్తికి భయపడి తల్లిదండ్రులు ఆ బిడ్డతో ఐగుప్తుకు పారిపోవాల్సి వచ్చింది. శుభవార్త ముందుగా అందింది పొలంలో రాత్రి కాపలా ఉన్న గొర్రెల కాపరులకు.

ఆ వార్త తెలుగు నేల మీద ఎవరి చెవిన పడిందో గుర్తు చేసుకుంటే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఒంగోలు ప్రాంతంలో తోళ్ల పని చేసుకునే మాదిగ కుటుంబాలు దాన్ని ముందుగా అందుకున్నాయి. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వారికి పని కల్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరు తమను వెలుపల ఉంచిన వారికి, సత్రంలో చోటు దొరకని దేవుడి గురించి వేరే వివరణ అక్కర్లేకపోయి ఉంటుంది. గుడిలోకి రానివ్వని వాడు తన మొరను శివుడికి గబ్బిలంతో పంపడం 'గబ్బిలం'లో రాసిన గుర్రం జాషువాయే తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మరి చర్చిలో అందరికీ చోటుందా? కులాన్ని బట్టి సమాధి స్థలాలు వేరైన ఊళ్లున్నాయి. క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లోనూ కులం కనిపిస్తుంది. చట్టంలో మరో మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. ఆ హోదా కోరే చర్చి, మతం మారినా కులం పోలేదని వాదించాలి. అంటే ముందు తన గుమ్మంలోనే అది ఉందని ఒప్పుకోవాలి. డిసెంబరు ప్రసంగాల్లో ఈ మాట అరుదు. అధికార విందుల్లో నాయకుల పక్కన కేకు కోసే పెద్దలు ఎత్తితే బాగుండేది.

వైభవానికీ లేమికీ మధ్య ఈ చిక్కు మెదక్ చర్చిలో రాళ్ల రూపంలోనే కనిపిస్తుంది. పశువుల తొట్టిలో పుట్టిన వాడికి 175 అడుగుల గోపురం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు పనిచ్చి తిండి పెట్టాడు. బేత్లెహేము అంటే హీబ్రూలో 'రొట్టెల ఇల్లు'. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చికి పండగ రోజు అన్ని మతాల వారూ వస్తారు. లోపలి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి యేసు పుట్టుకను చూపుతుంది. తెల్లవారకముందే మొదలయ్యే తొలి ఆరాధన వేళకు అది చీకటిగానే ఉంటుంది. బయట ఎండ పొడిచాకే తొట్టి, తల్లి, బిడ్డ కనిపిస్తారు.