చందా కట్టి మరీ మంటలార్పుతారు

మనకు ఫైర్ స్టేషన్ అంటే సర్కారు ఆఫీసు, ఫైర్‌మన్ అంటే నెల జీతగాడు. అందుకే దక్షిణ అమెరికాలోని చిలీలో మంటలార్పే 50 వేల పైచిలుకు మందీ జీతం లేని వాలంటీర్లేనంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. అక్కడ వాళ్లను బొంబెరోలంటారు.

అపోహ: జీతం లేకపోయినా ఏదో ఒక అలవెన్సు ముడుతుంది.

ముట్టకపోగా ఎదురు కట్టాలి. ప్రతి బొంబెరో తన దళానికి నెలనెలా చందా ఇస్తాడు. జీతమంటూ ఉంటే ఫైరింజన్ నడిపే కొందరు డ్రైవర్లకే. ప్రభుత్వం బడ్జెట్‌లో కొంత ఇస్తుంది గానీ చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి లాటరీ టికెట్లు అమ్ముతారు, వీధుల్లో విరాళాల డబ్బా పట్టుకుని నిలబడతారు. త్యాగాన్ని పొగిడి ఖర్చు తప్పించుకోవడం ఏ ప్రభుత్వానికైనా తేలికే మరి!

అపోహ: జీతమే లేనప్పుడు క్రమశిక్షణ ఎక్కడిది? బకెట్లతో పరుగెత్తే కుర్రకారే కదా.

దళంలో చేరాలంటే ముందు శిక్షణ కావాలి. కెప్టెన్‌ను సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. అయినా మంట దగ్గర ఆయన మాటకు తిరుగుండదు. రాజధాని శాంటియాగోలో వైర్‌లెస్‌లో ‘10-0’ అని వినిపిస్తే ఏదో భవనం అంటుకుందని, ‘10-4’ అంటే రోడ్డు ప్రమాదంలో బండిలో ఎవరో ఇరుక్కున్నారని అర్థం. చాలా స్టేషన్లలో కొందరు వాలంటీర్లు రాత్రిళ్లు అక్కడే పడుకుని, తెల్లారాక కాలేజీకో కొలువుకో వెళ్తారు.

వాళ్ల వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండరని మనం పొరబడతాం. నిజానికి అందులో ఉండేది ఒత్తిడితో కుక్కిన మామూలు గాలే. పొగలో బరువులు మోస్తూ మెట్లెక్కేవాడికి ఆ గాలి అనుకున్నదానికన్నా ముందే అయిపోతుంది. ఒత్తిడి తగ్గగానే విజిల్ మోగుతుంది. అది విన్నాక లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆగకుండా వెనుదిరగడం నేర్చుకోవాలి. శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అదేననుకుంటాను.

అపోహ: ఇది డబ్బుల్లేని దేశాల ఏర్పాటు.

ఆస్ట్రియా పేద దేశమా? అక్కడ జీతాల అగ్నిమాపక దళాలున్నది ఆరు నగరాల్లోనే. మిగతా దేశమంతా వాలంటీర్లదే. అమెరికాలోనూ ఫైర్ ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతులు వాలంటీర్లే. పెన్సిల్వేనియాలోనో న్యూజెర్సీలోనో చిన్న ఊళ్లో ఉంటున్న మన తెలుగువాళ్ల ఇంటికి ఫైరింజన్ వస్తే, అందులోంచి దిగేది పక్కవీధి ప్లంబరో స్కూలు టీచరో కావచ్చు.

చిలీలో ఈ పద్ధతి దెబ్బ తిని నేర్చుకున్నది. వాల్పరైసో రేవులో 1850లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మరుసటి ఏడాదే అక్కడ వాలంటీర్ల దళాలు మొదలయ్యాయి. జర్మన్లు, ఫ్రెంచివాళ్లు, ఇటాలియన్లు, ఎవరి దళం వాళ్లు పెట్టుకున్నారు. ఆ దళాలు నేటికీ ఉన్నాయి. శాంటియాగోకు మాత్రం 1863 డిసెంబరు 8 దాకా బుద్ధి రాలేదు. ఆ రోజు లా కంపానియా చర్చిలో మంటలంటుకుని దాదాపు 2,000 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మూడు రోజులకు హోసే లూయిస్ క్లారో అనే ఆయన పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు: దళం పెట్టే ఉద్దేశమున్న యువకులు ఫలానా చోటికి రావాలని. వచ్చారు. ఆ నెల 20కల్లా దళం ఏర్పడింది.

అపోహ: స్వచ్ఛందంగా వచ్చేవాళ్లంతా దేవుళ్లే.

కాదు. 2024 ఫిబ్రవరిలో వాల్పరైసో ప్రాంతంలో 130 మందికి పైగా ప్రాణాలు తీసిన కార్చిచ్చును కావాలని రాజేశారన్న ఆరోపణపై ఒక యువ వాలంటీరు అరెస్టయ్యాడు. జనం నివ్వెరపోయారు. అలాగని దళాలు మూతపడలేదు. చిలీలో ఇవాళ ఎక్కడ పొగ లేచినా, 132కి ఫోన్ చేస్తే వచ్చేది ఆ వాలంటీర్లే.