తెగేదాకా లాగవద్దు!

ఈ సామెతను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! దాని అసలు అర్థం మాత్రం ట్యూనా వేటగాళ్ల రీలు చూసినప్పుడే నాకు బోధపడింది.

1979లో కెనడాలోని నోవా స్కోషియా తీరంలో గాలానికి చిక్కిన ఒక్క ట్యూనా 679 కిలోలు తూగింది. అంతటి చేపను దారం ఆపలేదు. రీలులోని బ్రేకు అలసటపెట్టాలి. నక్షత్రాకారపు మర ఉన్న రీలులో, కంగారులో తిప్పితే పట్టు ఎంత బిగిసిందో తెలియదు. మీట ఉన్న రీలులో ఆ చిక్కు లేదు. ముందే కొలిచి పెట్టుకున్న గుర్తుకు మీట జరిపితే చాలు. ఆ కొలత దారం తెగే బలంలో మూడోవంతు. 80 పౌనుల దారానికి సుమారు 27 పౌనులు.

కొనేవారు దారానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూడాలి. దారం కదిలే మొదటి క్షణంలో ముల్లు ఎగిరిపడకూడదు. ఆ కుదుపుకే దారం తెగి, నోట్లో గాలంతోనే చేప పోతుంది.

కాబట్టి రీలు బలం ఒక్కటే కాదు, పట్టువిడుపులు కూడా చూడాలి. మనుషుల విషయమూ అంతే కదా!