వచ్చే బండి, పోయే బండి

పసిబిడ్డ ఏడుపు మాన్పడానికి మన పెద్దలెరిగిన ఉపాయాలు కొన్ని ఉన్నవి. ఆకాశంలో చందమామను చూపడం ఒకటి. దొడ్డిలో లేగదూడను చూపడం మరొకటి. రైలుదారి ప్రక్కనున్న ఊళ్ళలో వీటికి మూడవది చేరింది, అది రైలుబండి. చందమామ ఎంత పిలిచినా దిగిరాడు. లేగదూడ ఎప్పుడు చూచినా అక్కడే ఉంటుంది. రైలుబండి మాత్రం వస్తుంది, కనులారా కనిపిస్తుంది, వెళ్ళిపోతుంది. దాని ఆకర్షణ యావత్తూ ఈ మూడు క్రియలలోనే ఉన్నది.

కైకలూరు అట్టి ఊరు. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం పోయే దారిలో, మండవల్లికీ ఆకివీడుకూ నడుమనున్న స్టేషను అది. చిరకాలం కృష్ణాజిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరింది. అయితే జిల్లా కేంద్రమైన ఏలూరూ, దానికి తూర్పున ఉన్న తాడేపల్లిగూడెమూ మద్రాసు - హౌరా ప్రధాన మార్గం మీద ఉన్నవి. అక్కడ ఒక బండి చప్పుడు చెవులలో ఉండగానే మరొక బండి వస్తుంది. కైకలూరు బిడ్డకు ఆ ఐశ్వర్యం లేదు. అతడు ఎదురుచూడవలెను. ఆ ఎదురుచూపులోనే అతని చదువు ఆరంభమవుతుంది.

సాయంకాలం ఎండ చల్లబడిన వేళ, మనుమణ్ణి చంకనెత్తుకొని ఒక తాత ఇంటి ముందరి అరుగు దిగుతాడు. రైలుకట్టకు ఇవతల, చేపల చెరువు గట్టు మీద నిలబడతాడు. ఆటపాక పక్షుల కేంద్రం వైపు గూడబాతులు బారులు తీరి పోతూ ఉంటవి. బిడ్డ కాసేపు వాటిని చూస్తాడు, కాసేపు తాత చొక్కా గుండీతో ఆడుకుంటాడు. తరువాత సహనం తరుగుతుంది.

"బండి ఇంకా రాలేదేం తాతయ్యా?"

"వస్తుంది నాన్నా. ఈపాటికి మండవల్లిలో బయలుదేరి ఉంటుంది."

"మండవల్లి ఎక్కడ?"

"అదుగో, సూర్యుడు దిగుతున్నాడే, ఆ వైపు."

ఈ నాలుగు మాటలలో ఎంత భూగోళం ఇమిడి ఉన్నదో ఉపాధ్యాయులు గ్రహించగలరు. పడమర మండవల్లి, తూర్పున ఆకివీడు, నడుమ తానున్న ఊరు. ఊరికి ఆవల కూడా ఊళ్ళున్నవనీ, అక్కడ ఇప్పుడు ఏదో జరుగుతున్నదనీ, అది కొంతసేపటికి తన దగ్గరకు వస్తుందనీ బిడ్డ తెలుసుకుంటాడు. దేశము, కాలము అనే రెండు గహనమైన భావాలు పలక పట్టకముందే అతనికి అందుతున్నవి.

బండి వచ్చిన తరువాత పాఠాలు మరికొన్ని. పెట్టెలు లెక్కించడం మొదటిది. ఇరవై వరకు ఒంట్లు రాని బిడ్డ కూడా రైలుపెట్టెల కోసం నేర్చుకుంటాడు. గేటుకు ముందు కట్ట ప్రక్కన పసుపుపచ్చని పలక ఒకటి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషులో డబ్ల్యు, ఎల్ అనే అక్షరాలూ, హిందీలో సీ, ఫా అనే అక్షరాలూ కనిపిస్తవి. గేటు రాబోతున్నది, కూత వేయుమని డ్రైవరుకు అది ఆజ్ఞ. కూత ఎందుకు వేశాడో తెలిసిన బిడ్డ దానికి భయపడడు.

కూతలోనే మరొక విశేషమున్నది. బండి దగ్గరకు వచ్చేటప్పుడు హెచ్చుగా వినిపించిన స్వరం, మనను దాటిపోగానే తగ్గుతుంది. దీనికి హేతువును ఆస్ట్రియా దేశీయుడైన డాప్లర్ 1842లో ప్రతిపాదించినాడు. దానిని పరీక్షించడానికి 1845లో హాలండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు బూరలూదేవారిని రైలుబండి మీద కూర్చోబెట్టి, సంగీతజ్ఞులను దారి ప్రక్కన నిలబెట్టి స్వరభేదం కనిపెట్టించినాడు. ఉన్నత పాఠశాలలో విద్యార్థికి కష్టమనిపించే ఆ సూత్రాన్ని చెరువుగట్టు మీది బిడ్డ చెవులతో ముందే విని ఉన్నాడు. ఆ అనుభవాన్ని గుర్తుచేస్తే పాఠం సగం చెప్పినట్లే.

చివరి పెట్టె వెనుక గుణకారపు గుర్తు ఒకటి ఉంటుంది. రాత్రివేళ ఎర్రదీపం వెలుగుతుంది. బండి ఏ పెట్టెనూ దారిలో విడిచిపెట్టక సాంతం వచ్చినదని స్టేషనువారు దానిని చూచి నిర్ధారిస్తారు. గార్డును 2022 నుంచి ట్రైను మేనేజరు అంటున్నారు. పేరు మారినా, బిడ్డ చేయి ఊపితే అతడు ఒక్కొక్కసారి తిరిగి ఊపుతాడు. ఆనాడు బిడ్డకు పండుగే.

ఈ చేయి ఊపడం సామాన్య విషయం కాదు. ఇ. నెస్బిట్ అనే ఆంగ్ల రచయిత్రి 1906లో ప్రకటించిన 'ది రైల్వే చిల్డ్రన్' అనే నవలలో, తండ్రికి దూరమైన ముగ్గురు పిల్లలు రోజూ ఒక బండికి చేతులు ఊపుతారు. తమ ప్రేమను అది తండ్రికి అందజేస్తుందని వారి ఆశ. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' చిత్రంలో, అక్కాతమ్ముళ్ళైన దుర్గ, అపు రెల్లుపూల నడుమ నిలిచి రైలును చూస్తారు. కొల్లేటి ప్రాంతీయులకు ఆ రెల్లు కొత్త కాదు. మొదటి కథలోని ఆశ అసలే కొత్త కాదు. కైకలూరు మీదుగా పోయే సర్కారు ఎక్స్‌ప్రెస్ చెన్నపట్నం వైపుకూ, శేషాద్రి ఎక్స్‌ప్రెస్ బెంగుళూరుకూ పోతవి. ఉద్యోగార్థం తండ్రి దూరాన ఉన్న ఇంటిలో, "నాన్న ఉన్న ఊరికి పోయే బండి" అన్న మాటకు ఎంత బరువున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే కాలంతోపాటు దారి మారింది. ఒకనాడు ఇది మీటరు గేజి మార్గం. తరువాత బ్రాడ్ గేజి అయినది. బొగ్గు ఇంజనులు పోయి డీజిలువి వచ్చినవి. ఇటీవలి సంవత్సరాలలో రెండవ లైను పడి, విద్యుత్తు తీగెలు వెలసినవి. పూర్వం పొట్టి పట్టాల అతుకుల మీద చక్రాలు చేసిన టకటక ధ్వని, పొడవుగా అతికిన పట్టాల మీద చాలవరకు తగ్గింది.

ఇక్కడ పెద్దలు మెలకువతో ఉండవలెను. ఒంటిలైను కాలంలో పెరిగినవారికి, బండి దాటగానే దారి నిరపాయమనే అలవాటు ఒంటబట్టి ఉన్నది. రెండు లైనులున్నచోట ఆ అలవాటు ప్రాణాంతకం. ఒక బండి తోక కనుమరుగు కాకముందే, దాని చాటున రెండవది ఎదురుగా రావచ్చును. తీగెలలో ప్రవహించే విద్యుత్తు 25,000 వోల్టులు. వాటి చెంత గాలిపటం ఎగురవేయరాదు. పట్టాల మీదికి అనధికారంగా పోవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం కూడాను. బిడ్డ చేయి విడువక, కట్టకు దూరంగా నిలిచి చూడడమే పాఠాలన్నిటిలోకి మొదటిది కావలెను. బిడ్డ పెద్దల మాటకంటె వారి నడవడిని అనుకరిస్తాడు. గేటు వేసి ఉండగా దూరిపోయే తండ్రి ఏ నీతి చెప్పినా వ్యర్థమే.

నేడు రైలుబండిని చేతిలోని ఫోనులోనూ చూపవచ్చును. బిడ్డ కోరినప్పుడల్లా వస్తుంది, ఆలస్యం లేదు. కాని అందులో ఎదురుచూపు లేదు, ప్రక్కన నిలిచి జవాబు చెప్పే మనిషి లేడు. బిడ్డకు దక్కేది బండి ఒక్కటే కాదు. అది వచ్చేదాకా మరే పనీ లేక తన కోసమే నిలిచిన పెద్దవాని సాంగత్యం కూడా.

ఈ అవకాశం ఎంతోకాలం ఉండేది కాదు. నేడు చంకనెక్కి చేయి ఊపిన బిడ్డే కొన్నేళ్ళకు పెట్టె పట్టుకొని పై చదువుకు అదే బండి ఎక్కుతాడు. కిటికీలోంచి అతడు చూస్తాడు. స్టేషనులో నిలిచి చేయి ఊపేది తాత. బండ్లు ఆ తరువాతా వస్తూనే ఉంటవి, పోతూనే ఉంటవి. వాటిని కలిసి చూడవలసిన సాయంకాలాలు మాత్రం కొద్ది.